పన్ను పీకడానికి ఇంత ఫారం దేనికి? కొన్ని అపోహలు - వాస్తవాలు

"పన్ను పీకడానికి ఇవన్నీ ఏటి బాబూ?" శ్రీకాకుళంలో పళ్ల డాక్టరుగా నేను రోజూ వినే మాట ఇది. మొదటిసారి వచ్చినవాళ్లకి ఇచ్చే ఆరోగ్య వివరాల ఫారం మీద విసుగు అది. చాలామంది పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసేసి మిగతా అన్నిటికీ వరసగా 'లేదు' అని టిక్కు పెట్టేస్తారు. పన్ను చిన్నదే. కానీ దానికోసం సూది వేస్తాం, రక్తం వస్తుంది, ఆపైన మాత్రలు రాస్తాం. ఇవి నోటితో ఆగేవి కావు.

అపోహ: మాత్ర వేసుకుంటుంటే బీపీ లేనట్టే.

కంట్రోల్‌లో ఉందంతే, పోలేదు. మాత్ర పేరు కూడా కావాలి. బీపీకి ఎక్కువగా వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు వాచి పళ్ల మీదికి పెరుగుతాయి. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్‌తోనూ అంతే. ఆ సంగతి తెలియకపోతే ఎన్నిసార్లు క్లీనింగ్ చేసినా చిగురు మళ్లీ ఎందుకు పెరుగుతోందో అర్థం కాదు. పేర్లు గుర్తులేకపోతే మాత్రల షీట్లు ఓ కవర్లో వేసి తెచ్చేయండి. ఎముకల బలానికి ఏడాదికోసారి వేయించుకునే ఇంజక్షన్‌ని మందుగా ఎవరూ లెక్కపెట్టరు. అదీ రాయండి, పన్ను పీకాక దవడ ఎముక మానడం దాని మీద ఆధారపడి ఉండొచ్చు.

అపోహ: రక్తం పల్చబడే మాత్రల సంగతి చెబితే పన్ను పీకరు.

ఈ భయంతో కొందరు దాచేస్తారు. కొందరు వారం ముందే సొంతంగా మానేసి వస్తారు. నాకు ఎక్కువ టెన్షన్ ఈ రెండో రకంతోనే. గుండెకి స్టెంట్ పడినవాళ్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఒకటి రెండు పళ్లకైతే చాలావరకు వాటిని ఆపక్కర్లేదు. గాజుగుడ్డ నొక్కిపెట్టి, అవసరమైతే కుట్టు వేసి రక్తం ఆపగలం. వార్ఫరిన్ వాడేవాళ్లకి ముందుగా ఐఎన్ఆర్ పరీక్ష, అంటే రక్తం ఎంత సేపటికి గడ్డకడుతోందో చెప్పేది, చూస్తాం.

అపోహ: కిడ్నీకీ పంటికీ సంబంధం లేదు.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఫారంలో ఏం రాసినా, నేను నోటితో మళ్లీ అడుగుతాను. ఆ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. పన్ను నొప్పి అనగానే మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి. తెలిస్తే పారాసిటమాల్‌తో సరిపెడతాం, కొన్ని యాంటీబయాటిక్‌ల మోతాదు తగ్గిస్తాం. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కనుక, పన్ను మర్నాడు పీకుతాం. పాతదైనా సరే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ఉంటే తీసుకురండి.

అపోహ: పొగాకు గడి మగవాళ్లకే.

మా తీరంలో ఈ మాట అస్సలు చెల్లదు. మామ్మని తీసుకొచ్చిన మనవడు ఆవిణ్ణి అడక్కుండానే 'అలవాట్లు లేవు' అని రాసేస్తాడు. ఆవిడ నోరు తెరిస్తే అంగిలి తెల్లగా మందమెక్కి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉంటుంది. అడ్డపొగ! చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ కుర్రాడు అబద్ధం రాయలేదు, పుట్టినప్పటినుంచీ చూస్తున్నది అతనికి అలవాటుగా తోచలేదంతే. 1969లో అచ్చయిన ఒక సర్వేలో దేశంలో ఐదు జిల్లాల్లో 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. అడ్డపొగ తాగేవాళ్లకి అంగిలి మీద వచ్చే క్యాన్సర్ గురించి వైద్య లోకం అప్పటినుంచీ రాస్తూనే ఉంది, మన ఫారాల్లో మాత్రం దానికి ఇప్పటికీ గడి లేదు. 'సిగరెట్' అని ఒక్కటే ఉంటే పక్కన చుట్ట, ఖైనీ, గుట్కా ఏదైతే అది మీరే రాయండి.

అపోహ: సూది వేస్తే కళ్లు తిరిగాయంటే అలర్జీయే.

చాలావరకు భయమో, ఖాళీ కడుపో. మత్తు మందుకి నిజమైన అలర్జీ చాలా అరుదు. 'సూది పడదు' అని వదిలేయకుండా అప్పుడు ఏమైందో రాయండి. దద్దుర్లు వచ్చాయా, ఊపిరాడలేదా అన్నదే కావాలి.

అపోహ: హెచ్ఐవీ, కామెర్లు అని రాస్తే వెనక్కి పంపేస్తారు.

హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. గ్లవ్స్, పరికరాల శుద్ధి ఎలాగూ అందరికీ ఒకటే. మరి చెప్పడం దేనికంటే, మీరు వాడుతున్న మందులతో పడని మాత్ర రాయకుండా ఉండడానికి. పక్కన చుట్టాలుంటే ఆ గడి ఖాళీగా వదిలేసి, లోపలికొచ్చాక నాతో చెప్పండి.