నాటక దర్శకత్వం: అనంతపురంలో తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

మా ఊళ్లో ‘నేను నాటకాలకు దర్శకత్వం చేస్తాను’ అంటే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: ‘అది సరే సార్, ఏం పని చేస్తుంటారు?’ అడగడంలో తప్పేం లేదు. నేనూ పగలంతా ఆఫీసులో ఉండి, సాయంత్రం రిహార్సల్ గదికి చేరేవాణ్నే. కాని ఆ ప్రశ్న వెనక కొన్ని తప్పుడు నమ్మకాలున్నాయి. కొత్తగా నాటక సమాజం పెట్టుకునే కుర్రాళ్లు కూడా వాటినే నమ్ముకుని వస్తారు, రెండు నాటికలు వేసి విసుగెత్తి మానేస్తారు. నేను చెప్పేది చిన్న సమాజాల గురించి. ఏడెనిమిది మంది మనుషులు, సొంత హాలు లేదు, ఏడాదికి ఒకటో రెండో నాటికలు.

అపోహ: దర్శకుడంటే డైలాగులు చెప్పించేవాడు

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. పద్యనాటకాల్లో కాంట్రాక్టరు అని ఒకాయన ఉండేవాడు. ఒక ఊరి నుంచి కృష్ణుణ్ని, ఇంకో ఊరి నుంచి అర్జునుణ్ని, మరోచోట సత్యభామను మాట్లాడి ఆ రాత్రికి స్టేజీ మీద కలిపేవాడు. ఎవరి కిరీటం వాళ్లే తెచ్చుకునేవారు, ఎవరి పద్యాలు వాళ్లకు నోటికి వచ్చు. అందరూ కలిసి రిహార్సల్ వేసుకోవడమనేది అరుదు. నాటకాన్ని నడిపేది హార్మోనియం మాస్టరు. తడబడినవాడికి శ్రుతి అందించడం, వన్స్‌మోర్ పడితే ఎంతవరకు సాగనివ్వాలో చూసుకోవడం అంతా ఆయనే. విడిగా దర్శకుడి అవసరం పెద్దగా కనపడేది కాదు.

సాంఘిక నాటిక అలా నడవదు. ఒక చిన్న సంగతి చెబుతాను. నాటిక పోటీలు జరిపే పరిషత్తుల వేదికల మీద మైకులు సాధారణంగా పైనుంచి వేలాడుతుంటాయి, లేదంటే ముందు అంచున ఉంటాయి. వాటికి దూరంగా వెనక్కి వెళ్లి చెప్పిన మాట సగం హాలుకు చేరదు. తండ్రి కూతుర్ని తిట్టి, తలుపు దాకా వెళ్లి ‘ఇంక నీ ఇష్టం’ అంటాడని రచయిత రాశాడనుకోండి. ఆ తలుపు సెట్టు వెనక మూలలో ఉంది. అక్కడ అంటే వినపడదు. ఇక రెండే దార్లు. మైకు దగ్గరే ఆ మాట అనేసి విసురుగా వెళ్లిపోవాలి, లేదా తలుపు దాకా వెళ్లి ఆగి, నాలుగడుగులు వెనక్కి వచ్చి అనాలి. మొదటి దారిలో కనిపించేది కోపిష్టి తండ్రి. రెండో దారిలో కోపం దిగిపోయి భయం పట్టుకున్న తండ్రి. మాట అదే, మనిషి మారిపోయాడు. ఏ తండ్రి కావాలో తేల్చడం దర్శకుడి పని. అది తేల్చకుండా ‘ఇంకొంచెం గట్టిగా చెప్పప్పా’ అంటూ కూర్చుంటే మాత్రం జనం అనుకునేదే నిజమవుతుంది.

ఇక మనుషుల్ని కలపడం. మా దగ్గర తండ్రి వేషం వేసేది ఆర్టీసీ డ్రైవరు. అతని డ్యూటీ చార్టు నా స్క్రిప్టు ఫైలులోనే ఉంటుంది. అతనికి నైట్ హాల్ట్ పడిన రోజు అతను లేని సీన్లు చేసుకుంటాం. కూతురి వేషం వేసే అమ్మాయి గుంటూరు వైపు నుంచి వస్తుంది. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ దిగి, మొహం కడుక్కుని, నేరుగా రిహార్సల్‌కు. ఆమెతో మొత్తం నాటిక కుదిరేది చాలాసార్లు ఆ ఒక్కరోజే. అప్పటిదాకా ఆమె బదులు మా కుర్రాడొకడు నిలబడతాడు. అతను స్క్రిప్టులోకి చూస్తూ చదివితే ఎదుటి నటుడు కూడా శూన్యంలోకి చూస్తూ చెప్పడం అలవాటు చేసుకుంటాడు. అసలు మనిషి వచ్చి కళ్లలోకి చూసేసరికి బిగుసుకుపోతాడు. అందుకే మొదటి వారం దాటాక ఆ కుర్రాడి చేతిలో కాగితం ఉండనివ్వను. మొత్తం నాటిక అతనికీ నోటికి రావాల్సిందే. (మంచి నటుల్లో కొందరు ఇలా బదులు నిలబడే తయారయ్యారు.)

అపోహ: దీని మీద బతకలేం, కాబట్టి ఇది హాబీ

మొదటి సగం చాలావరకు నిజం. రెండో సగం మాత్రం నేను ఒప్పుకోను.

పేరుమోసిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ పుట్టింది మా తాడిపత్రిలో, 1880లో. ఆయనకు అన్నం పెట్టింది వకీలు పని. ఆయన మేనమామ, ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అని పేరున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు కూడా బళ్లారిలో వకీలే. రామకృష్ణమాచార్యులకు పోటీగా అదే ఊళ్లో సుమనోరమ సభ అనే నాటక సమాజం నడిపిన కోలాచలం శ్రీనివాసరావుదీ ప్లీడరు వృత్తే. పగలు కోర్టు, రాత్రి నాటకం. వీళ్లను హాబీ మనుషులని ఎవరూ అనలేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఉదాహరణ మన పక్క జిల్లాలోనే ఉంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి సమాజం నాటకం మీదే బతికింది. అయితే అక్కడ తాత, తండ్రి, కోడలు, పసిబిడ్డ అందరూ వేషం వేస్తేనే పొయ్యి వెలిగేది. పైగా వాళ్లకు నాటకమే ఊరు, బడి కూడా. ఒంటరిగా నడుస్తున్న దర్శకుడు ‘సురభి వాళ్లు బతకలేదా’ అనుకుని ఉద్యోగం వదిలేస్తే అది వేరే లెక్క అవుతుంది.

జనం గుర్తించని సంగతి ఇంకొకటుంది. మా జిల్లాలో దర్శకత్వానికి నికరంగా డబ్బు తీసుకునే మనిషి ఇప్పటికీ ఉన్నాడు. ఆయన టౌన్లో కాదు, పల్లెలో దొరుకుతాడు. తిరునాళ్లకో, ఎండాకాలం పనులు తగ్గినప్పుడో ఊరి రైతులే వేషాలు కట్టే పౌరాణిక నాటకాలకు నేర్పే మాస్టరు ఆయన. ఎవరికే వేషమో ముందే తేల్చుకుంటారు, వేషం వేసేవాళ్లే చందాలు వేసుకుంటారు. మాస్టరు హార్మోనియంతో వచ్చి, రోజూ రాత్రి అన్నాల తర్వాత కూర్చోబెట్టి పద్యం నేర్పుతాడు. కిరీటాలు, సీను తెరలు అద్దెకు మాట్లాడేది కూడా చాలాచోట్ల ఆయనే. ఆయన్ని మనం దర్శకుడని పిలవం, పరిషత్తులకు పిలవం. అయినా బేరం కుదుర్చుకుని, అడ్వాన్సు పుచ్చుకుని, చెప్పిన తేదీకి నాటకాన్ని స్టేజీ మీదికి తెచ్చేది ఆయనే. అడగడానికి మొహమాటపడే మేం ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

టౌన్ దర్శకుడికి వచ్చే డబ్బు చిన్న చిన్న పాయలుగా వస్తుంది. యూనివర్సిటీ యువజనోత్సవాలకు కాలేజీ పిల్లల చేత ఏకాంకిక, స్కిట్, మైమ్ చేయించడం. బడుల వార్షికోత్సవాలు. ప్రభుత్వ ప్రచారాలకు కళాజాతాలు. ఆడిషన్‌లో గ్రేడు వచ్చినవాళ్లకు ఆకాశవాణి నాటకాలు, కడప కేంద్రం 1963 నుంచి ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ గురు-శిష్య పరంపర పథకం కింద సమాజాలకు రెపర్టరీ గ్రాంటు ఇస్తుంది. గురువుకు, శిష్యులకు నెలనెలా కొంత. దానికి సమాజం రిజిస్టరై ఉండాలి. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. ఆడిట్ లెక్కలు, ఫొటోలు, పేపరు కటింగులు మొదటి ప్రదర్శన నుంచే దాచుకోండి. అయితే గ్రాంటు ఖాతాలో పడేదాకా దాన్ని నమ్ముకుని ఎవరికీ మాటివ్వకండి.

పరిషత్తు ఇచ్చే ప్రదర్శన పారితోషికం సమాజానికి వస్తుంది, దర్శకుడికి కాదు. అందులోంచే నటీమణులకు ఇవ్వాలి, రైలు టికెట్లు, సెట్టు, లైటింగు, మేకప్ చూసుకోవాలి. మగ నటులం చాలామందిమి చేతి నుంచి పెట్టుకునేవాళ్లమే. వేరే సమాజం మిమ్మల్ని దర్శకత్వానికి పిలిస్తే ఎంత ఇస్తారో, ఎన్ని రిహార్సల్స్‌కు రావాలో మొదటిరోజే మాట్లాడుకోండి. ‘మనోడే కదన్నా’ అనే మాట దగ్గరే ఈ ఊళ్లో చాలా స్నేహాలు చెడ్డాయి.

అపోహ: ఇది సినిమాకు మెట్టు

నటులకు కావచ్చు. దర్శకుడికి చాలా అరుదు. సినిమావాళ్లకు కావాల్సింది షాట్ తెలిసినవాడు. మనకు తెలిసింది గంటసేపు కటింగ్ లేకుండా నడిచే కాలం. ఆ రెండూ వేర్వేరు పనులు. నిజానికి సినిమా వల్ల దర్శకుడికి తగిలేది వేరే దెబ్బ. రెండేళ్లు కష్టపడి తయారు చేసుకున్న కుర్రాడు సీరియల్‌లో చిన్న వేషం వచ్చిందని హైదరాబాద్ బస్సెక్కుతాడు. వెళ్లనివ్వాలి. తిరిగొచ్చినవాళ్లలో కొందరు మరింత మంచి నటులై వచ్చారు.

అపోహ: పరిషత్తులో బహుమతి రాకపోతే దర్శకుడే కాదు

ముందు ‘ప్రాథమిక పరిశీలన’ ఉంటుంది. పరిశీలకులు వచ్చి చూసి ఎంపిక చేస్తేనే పోటీకి పిలుపు. ఆ పిలుపు రావడమే చిన్న సమాజానికి పెద్ద సంగతి. తర్వాత ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ నటి, రంగాలంకరణ, ఆహార్యం అంటూ జాబితా.

పరిషత్తులే లేకపోతే తెలుగులో కొత్త నాటిక అనేదే దాదాపు ఉండదు, ఆ ఋణం ఒప్పుకోవాల్సిందే. కాని పోటీ ఒక మూస కూడా తయారు చేసింది. ముప్పావుగంట నుంచి గంట నిడివి, ఒకటే హాలు సెట్టు, మధ్యలో సోఫా, చివరి పది నిమిషాల్లో వృద్ధ తండ్రి కన్నీళ్లు. ఆ కన్నీళ్లకు చప్పట్లు పడతాయని అందరికీ తెలుసు కాబట్టి అందరూ అదే వేస్తారు. వరసగా నాలుగు నాటికలు చూసిన ప్రేక్షకుడికి ఏ తండ్రి ఏ నాటికలోవాడో గుర్తుండదు. బహుమతి వచ్చిన దర్శకుణ్ని తక్కువ చేయడం లేదు. తన ఊళ్లో, తన జనం ముందు అదే నాటికను పోటీ లేకుండా రెండోసారి ఆడించగలిగాడా అన్నది నేను చూస్తాను. చాలా నాటికలు పరిషత్తుల చుట్టూ తిరిగి, పుట్టిన ఊళ్లో ఒక్కసారి కూడా ఆడకుండానే ఆగిపోతాయి.

అపోహ: సీమ యాసలో వేస్తే పోటీల్లో నిలవదు

ఇది సగం భయం, సగం బద్ధకం. సినిమాలు సీమ యాసను తొడకొట్టేవాడి నోట్లో పెట్టాయి. దాంతో స్టేజీ మీద మామూలు గుమాస్తా ‘యాడికి పోతాండావ్’ అన్నా హాల్లో ఎవరో ఒకరు నవ్వుతారు. దానికి మందు యాస మానేయడం కాదు, మొదటి ఐదు నిమిషాల్లో ఆ గుమాస్తా చేత మామూలు పనులు చేయించడం. బియ్యంలో రాళ్లు ఏరుతూనో, కరెంటు బిల్లు చూసుకుంటూనో మాట్లాడితే జనం చెవి తొందరగా సర్దుకుంటుంది.

కోస్తా నుంచి వచ్చే నటికి యాస పట్టించడం మాత్రం కష్టమే. నేను మా అమ్మ చేత ఆ డైలాగులు మామూలుగా మాట్లాడినట్టు చెప్పించి, వాట్సాప్‌లో పంపిస్తాను. కాగితం మీద రాసి పంపితే ఆమె అక్షరాలు పలుకుతుంది. గొంతు వింటే ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ మింగేయాలో తెలుస్తుంది. మా అమ్మ ఒకసారి ‘ఈ మాట ఎవురూ అనర్రా’ అని స్క్రిప్టే దిద్దించింది.

అపోహ: ఎన్‌ఎస్‌డీలో చదవకపోతే దర్శకుడు కాలేరు

చదవకపోయినా కావచ్చు, చాలామంది అయ్యారు. అయినా చదివే వీలుంటే వదులుకోవద్దు. ఎన్‌ఎస్‌డీ అంటే ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల, అక్కడ మూడేళ్ల కోర్సు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో రంగస్థల శాఖలున్నాయి. మడకశిర, హిందూపురం, రాయదుర్గం వైపు కన్నడం వచ్చిన పిల్లలకు నేను ముందు చెప్పేది కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడులోని నాటక శిక్షణ సంస్థ నీనాసం. ఏడాది డిప్లొమా, బోధన కన్నడంలో. ఇంగ్లీషు రాదన్న బెంగ అక్కర్లేదు.

అపోహ: అచ్చయిన నాటకం ఎవరైనా వేసుకోవచ్చు

వేసుకోకూడదు. రచయిత బతికున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. అమెచ్యూర్ సమాజం టికెట్ లేకుండా, ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకోకుండా వేస్తే 1957 చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టారంటే అనుమతి తీసుకోవాల్సిందే. మినహాయింపు ఉన్నా రచయితకు ఒక ఫోన్ చేయండి. మన రచయితల్లో చాలామంది డబ్బు అడగరు, పోస్టరు మీద పేరు సరిగ్గా వేయమంటారు. సీన్లు కోయాలన్నా, ముగింపు మార్చాలన్నా కూడా ముందే అడగాలి.

అపోహ: ఆడవాళ్లకు దర్శకత్వం కుదరదు

రాత్రి రిహార్సల్స్, ప్రయాణాలు, పదిమంది మగవాళ్లను అదుపులో పెట్టడం... కారణాలు చాలా చెబుతారు. అవన్నీ మన నటీమణులు ఎప్పటినుంచో చేస్తున్న పనులే. ఒక్కొక్కరూ ఏడాదిలో ఐదారు సమాజాలకు పనిచేస్తారు. ఐదారుగురు దర్శకుల పద్ధతులు దగ్గర నుంచి చూస్తారు. ఒక్కరోజు రిహార్సల్‌తో కొత్త జట్టులో ఇమిడిపోవడం ఎలాగో వాళ్లకు తెలిసినంతగా మాకెవరికీ తెలియదు. మా నాటికలో కూతురు వేసే అమ్మాయే పోయినసారి లైటింగు ఆపరేటర్‌తో మాట్లాడి ఒక ఫేడవుట్ మార్పించింది. ఆ మార్పు వల్లే సీను నిలబడింది. అయినా ఆమెకు స్క్రిప్టు ఇచ్చి ‘ఇది నువ్వు చెయ్యమ్మా’ అన్న సమాజం ఇంతవరకు లేదు, మాదానితో సహా. వచ్చే నాటికకు ఆమెను అడిగాం. పారితోషికం ఎంతో, రిహార్సల్స్ ఎన్నో ముందే రాసిమ్మంది.