బేనిషాన్ మీద మచ్చ ఎప్పుడు పడింది?

మొన్న మే నెలలో ఒక పెట్టె బేనిషాన్ మామిడి మా ఇంటికొచ్చింది. బయట బంగినపల్లి అంటారు గానీ, హైదరాబాద్‌లో మాకది బేనిషానే. శనివారం పెట్టె విప్పితే ఒక్క కాయ మీద కూడా గీత లేదు. ఇంకాస్త మాగాలని అమ్మ మంచం కింద వరిగడ్డి పరిచి కాయలు పేర్చింది, పైన గోనెసంచి కప్పింది. బుధవారానికి ఇల్లంతా వాసన. తీరా గోనె తీసి చూస్తే సగం పండ్ల మీద నల్ల చుక్కలు, రెండు మూడింటి మీద రూపాయి బిళ్లంత మచ్చలు. "అమ్మినోడు మోసం జేసిండు" అని అమ్మ తీర్పు చెప్పేసింది.

అమ్మినాయన తప్పు ఇందులో దాదాపు ఏమీ లేదు. ఆ మచ్చకు విత్తనం పడింది ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో, కాయ ఇంకా చెట్టు మీద గోలీకాయంత పిందెగా ఉన్నప్పుడు. దాని పేరు ఆంత్రాక్నోజ్, మచ్చతెగులు. కారణం కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం, మన మాటల్లో ఒక రకం బూజు. ఎండుకొమ్మల మీద, పాత ఆకుల మీద బతికే ఈ బూజు బీజాలు మంచుకో, వాన చినుకుకో జారి పూత మీద, పిందెల మీద పడతాయి. తడి తగిలితే మొలకెత్తి, తొక్కకు అతుక్కునే ఒక నల్లటి గుబ్బను తయారు చేసుకుంటాయి. ఆ గుబ్బ అడుగు నుంచి సూదిలాంటి కొస ఒకటి తొక్క పైపొరలోకి దిగుతుంది. అక్కడితో ఆగిపోతుంది. రెండు మూడు నెలలు ఉలుకూ పలుకూ ఉండదు. భూతద్దం పెట్టి చూసినా కాయ మీద ఏమీ కనిపించదు.

ఎందుకు ఆగుతుందంటే, పచ్చికాయ దాన్ని ముందుకు పోనివ్వదు. పచ్చిమామిడి తొక్కలో, సొనలో రిసార్సినాల్స్ అనే రసాయనాలుంటాయి, అవి బూజుకు విషం. సొన చేతికి తగిలితే మంట పుట్టి మచ్చ పడటం మనకు తెలిసిందే, ఆ సొన కాయకు కవచం. కండ గట్టిగా, పుల్లగా ఉంటుంది, చక్కెర పెద్దగా ఉండదు. బూజుకు అక్కడ తిండీ లేదు, దారీ లేదు.

కాయ పండటం మొదలయ్యాక కథ తిరగబడుతుంది. ఇథిలీన్ అనే వాయువు కాయలోంచే పుడుతుంది. దాని ప్రభావంతో పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, కణాల గోడల మధ్య జిగురులా ఉండే పెక్టిన్ కరుగుతుంది, పులుపు తగ్గుతుంది, తొక్కలోని ఆ విషాలు కూడా తగ్గిపోతాయి. గింజ ముదిరింది కాబట్టి ఇక ఎవరైనా వచ్చి పండు తిని టెంకను దూరంగా పారేస్తే చెట్టుకు అంతకంటే కావలసిందేముంది? అందుకే తలుపులు బార్లా తెరిచి పెడుతుంది. తలుపు తెరిచింది మన కోసమో, కోతి కోసమో, గబ్బిలం కోసమో. కానీ గడప మీద నెలల తరబడి కూర్చున్న బూజు అందరికంటే ముందు లోపలికి దూరుతుంది. ఈ జాతి బూజులు ఇథిలీన్‌ను పసిగట్టి, అదే గుర్తుగా మొలకెత్తుతాయని 1994లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. మనం ముక్కుతో వాసన చూసి పండిందని తెలుసుకున్నట్టే అనుకోండి.

కాబట్టి మామిడిలో పండటాన్నీ కుళ్లటాన్నీ పూర్తిగా విడదీయలేం. మచ్చ రాకుండా చూడాలంటే పూత దశలో తోటలోనే మందు కొట్టాలి, ఎండుపుల్లలు కత్తిరించి తీసేయాలి. కోశాక కూడా ఒక ఉపాయముంది. సుమారు 52 డిగ్రీల వేడినీళ్లలో కాయల్ని 5 నుంచి 10 నిమిషాలు ముంచితే తొక్క కింద నక్కిన బూజు చస్తుంది, కండ ఉడకదు. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే మాత్రం బూజైనా బతుకుతుంది, కాయైనా చెడుతుంది. థర్మామీటర్ లేకుండా ఇంట్లో బకెట్‌తో ఈ ప్రయోగం చేయకండి. నేను చేశాను. ఆ కాయలు తోలు బొమ్మల్లా తయారయ్యాయి.

బత్తాయి సంగతి దీనికి పూర్తిగా వేరు. నల్లగొండ నుంచి వచ్చే బత్తాయి బస్తాలో ఒక కాయకు ముందు మెత్తని మచ్చ, దాని మీద తెల్లని నూగు, మధ్యలో ఆకుపచ్చ పొడి కనిపిస్తే అది పెనిసీలియం డిజిటేటమ్. నిమ్మజాతి పండ్లే దాని తిండి. దీనికి ఓపిక లేదు, నెలల తరబడి కాపు కాయడం చేతకాదు. పైగా గాయం లేని తొక్కను చీల్చుకుని పోలేదు. కోసేటప్పుడు గోరు గుచ్చుకోవాలి, ముల్లు గీరాలి, లేదా బస్తాను లారీలోంచి ధబేల్మని కింద పడేయాలి. తొక్కలోని నూనె తిత్తి ఒక్కటి పగిలినా చాలు, రెండు మూడు రోజుల్లో కాయ మెత్తబడుతుంది. ఒక్క కాయ మీద పుట్టే బీజాలు కోట్లలో ఉంటాయి. వాటిని చేత్తో తట్టి "పైపైనే" అని దులిపేస్తే ఆ కోట్లన్నీ పక్క కాయల మీదికి చేరతాయి. అందువల్ల బత్తాయిల విషయంలో నేరం ఎక్కువగా కోసిన చేతులది, మోసిన చేతులది.

గాయం అనగానే ఒక మాట. తెంపినా తవ్వినా పండ్లు, కూరలు చచ్చిపోవు, ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. ఆలుగడ్డకు పార తగిలి తెగితే, గాలి ఆడే చోట కొన్నాళ్లు ఉంచితే కోత మీద బెరడులాంటి పొర కట్టుకుంటుంది. అచ్చం మన మోకాలి మీద చెక్కు కట్టినట్టు. ఆ పొర కట్టకముందే తడి సంచిలో బిగిస్తే బాక్టీరియా దూరి గడ్డను ముద్ద చేసేస్తుంది. ఆ కంపు ఒకసారి ఇంట్లో వచ్చిందంటే మూల ఎక్కడుందో వెతకనక్కర్లేదు.

పండ్లను ఎక్కువగా బూజు, కూరల్ని ఎక్కువగా బాక్టీరియా చెడగొట్టడానికి కారణం పులుపే. పుల్లటి చోట చాలా బాక్టీరియాలు బతకలేవు, బూజులు బతుకుతాయి. ఆలుగడ్డ, క్యారెట్, క్యాబేజీల్లో పులుపు లేదు కాబట్టి బాక్టీరియాకు పండగే. టమాట మధ్యరకం, రెండింటికీ లోకువ.

టమాటతో మనం చేసే తప్పు ఒకటుంది. ఎండలో తిరిగొచ్చిన వెచ్చటి టమాటల్ని రైతుబజార్ నుంచి తేగానే చల్లటి నీళ్ల గిన్నెలో పడేస్తాం. టమాట తొక్కలో గాలి రంధ్రాలు ఉండవు. దాని ఊపిరంతా దాదాపు తొడిమ ఊడిన గుంట గుండానే. చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ గుంటలోంచి నీళ్లను, నీళ్లతో పాటు సూక్ష్మజీవుల్నీ లోపలికి పీల్చుకుంటుంది. శుభ్రం చేస్తున్నామనుకుంటూ కుళ్లును మనమే లోపలికి పంపుతున్నాం. తరిగే ముందు కడిగితే సరిపోతుంది.

ఉల్లిగడ్డకు మెడే ప్రాణం. ఆకు వాలాక పీకి, మెడ సన్నబడి ఎండే దాకా ఆరబెడితే నెలలు నిలుస్తుంది. కోత సమయంలో వాన పడితే మెడ ఆరదు, కుళ్లు అక్కడి నుంచే గడ్డలోకి దిగుతుంది. పై పొరల కింద కనిపించే మసిలాంటి నల్లపొడి వేరే బూజు, ఆస్పర్‌జిల్లస్ నైజర్. దానికి మన వేసవి వేడి మహా ఇష్టం.

అన్నిటికీ ఫ్రిజ్జే మందు అనుకుంటే అదీ తప్పే. చలి తగ్గితే కాయ ఊపిరి వేగం పెరుగుతుందన్నది నిజం, ప్రతి 10 డిగ్రీలకూ రెండు మూడు రెట్లు. కానీ అరటి 13 డిగ్రీల కంటే కిందికి పోతే తొక్క నల్లబడుతుంది. పచ్చిమామిడి, టమాట, దోసకాయ కూడా వేడి దేశపు పుట్టుకే. చలికి కణాల పొరలు దెబ్బతిన్నాక బయటికి తీస్తే, బాగున్నవాటి కంటే త్వరగా కుళ్లుతాయి.

మన దేశంలో పండ్లు, కూరలు 30, 40 శాతం పాడైపోతున్నాయన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. కోత తర్వాత పంటల సంగతి చూసే కేంద్ర పరిశోధన సంస్థ, లూధియానాలోని సిఫెట్ లెక్క 2015లో బయటికొచ్చింది. దాని ప్రకారం నష్టం పంటను బట్టి 4.58 నుంచి 15.88 శాతం. అన్నిటికంటే ఎక్కువ పోయేది జామ. 15 శాతం కూడా తక్కువేం కాదు.

అలా పాడైనదాంట్లో కొంత మన ఊళ్లో కరెంటు అవుతోంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల చెత్తను గ్యాస్‌గా మార్చి, దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు తీసే ప్లాంటు ఉంది. ఆ సాంకేతికత తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీది. గాలి సోకని పెద్ద తొట్టిలో జరిగేదీ కుళ్లటమే, కాకపోతే అదుపులో పెట్టిన కుళ్లు. ఒక గుంపు సూక్ష్మజీవులు కూరల్ని ఆమ్లాలుగా విరగ్గొడితే, ఇంకో గుంపు వాటి నుంచి మిథేన్ చేస్తుంది. ఆమ్లం మరీ పెరిగితే రెండో గుంపు పని మానేస్తుంది. ఇలాంటి తొట్లలో బత్తాయి, నిమ్మ తొక్కలు ఎక్కువైనా ఆ సూక్ష్మజీవులకు పడదు, తొక్కలోని నూనె వాటిని అణిచేస్తుంది. ఆ ఆకుపచ్చ బూజు మాత్రం అదే నూనె తిత్తి పగలగానే లోపలికి పరిగెత్తుతుంది.