నవల ఎక్కడి నుంచి వస్తుంది? అపోహలు - వాస్తవాలు

కదిరి చుట్టుపక్కల పల్లెలకు పోయే బస్సుల్లో కండక్టర్‌గా పనిచేస్తూనే రెండు నవలలు రాశాను. రాయాలని ఆశ ఉన్న పిల్లలు కలిసినప్పుడల్లా అవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే ఒకచోట చెప్పేస్తున్నా.

అపోహ: ఏదో ఒకటి ఠక్కున మనసులో మెరవాలి, అప్పుడే రాయగలం.

వాస్తవం: నాకెప్పుడూ ఏదీ మెరవలేదు, విన్నాను అంతే. నైట్‌హాల్ట్ బస్సు రాత్రి ఊరు చేరితే తిరిగి బయల్దేరేది తెల్లవారుజామునే, ఈలోగా రచ్చకట్ట మీద పడుకుంటే ఊరి మాటలన్నీ చెవిన పడతాయి. ఒక ఏడు శెనక్కాయ పూత మీదున్నప్పుడు బెట్ట పట్టింది. ఒక అవ్వ పొద్దున్నే చెట్టు పీక్కొచ్చి నా చేతిలో పెట్టింది. పూలు రాలిన చోట నుంచి కిందికి సాగిన ఊడలు సూదుల్లా ఉన్నాయి, కొసలు మాడి నల్లబడినాయి. "ఊడలు దిగినాయప్పా, నేలే నోరు తెరవలే" అంది. శెనక్కాయ పూసేది పైనే అయినా కాయ ఊరేది మట్టిలో, నేల గట్టిపడితే ఊడ లోపలికి పోలేదు, ఇంక కాయెక్కడిది? అప్పటికే కరువు మీద పదకొండు పేజీలు రాసుకునున్నా. అవన్నీ చించేసి ఆ ఒక్క మాట పెట్టుకున్నా.

అపోహ: సీమ నవలంటే కత్తులు, బాంబులే.

వాస్తవం: ఈ మాట వింటే నిజంగా బాధేస్తుంది. కరువులో గొర్రెలను నల్లమలకు తోలుకుపోయే కాపరుల బతుకే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. అనంతపురాన్ని ఏలిన హండే రాజుల కాలం మీద బండి నారాయణస్వామి రాసిన 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చదవండి.

అపోహ: యాసలో రాస్తే బయటివాళ్లు చదవరు.

వాస్తవం: నా మొదటి రాతప్రతిని యాస తీసేయమని ఒక ప్రచురణకర్త వెనక్కి పంపారు. మార్చి చూశాను కూడా, నవల్లో మా జేజి (నానమ్మ) ఎవరో టీచరమ్మలా మాట్లాడింది. మళ్లీ మొదటికే తెచ్చా. కథ నడిపేది మామూలు తెలుగులో, మనుషులు మాట్లాడేది మా మాటలో, ఇలా రాస్తే ఎవరికీ ఇబ్బంది రాలేదు.

అపోహ: ఉద్యోగం మానేస్తేనే నవల పూర్తవుతుంది.

వాస్తవం: నాకు రోజుకొక పేజీ చాలు. జీతం ఆగితే ఆ టెన్షన్‌లో అదీ సాగదు.

అపోహ: పాతకాలం రాయడానికి ఊహ సరిపోతుంది.

వాస్తవం: జేజి 'ధాత కరువు' అనేది. దానం చేసే దాతలు లేని కరువేమో అనుకునేవాణ్ణి. తెలుగు సంవత్సరాల పేర్లు వరసగా లెక్కేసుకుంటే ధాత అంటే 1876 అని తేలింది, 1876-78 నాటి మహా కరువది. దాని వివరాలు అనంతపురం జిల్లా పేరుతో ఎంత వెతికినా దొరకలేదు. జిల్లా ఏర్పడిందే 1882లో, అంతకుముందు అనంతపురం బళ్లారి జిల్లాలో ఉండేది. బళ్లారి పేరుతో వెతకడం మొదలుపెట్టాకే నా రెండో నవల కదిలింది.