ఐలెట్లకు పాలిమర్ తొడుగు: జల్లెడ కుదిరింది, ఊపిరాడలేదు

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుత్తులే ఐలెట్లు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్ వైద్యులు దాతల ఐలెట్లను ఏడుగురు టైప్-1 రోగుల కాలేయానికి వెళ్లే సిరలోకి ఎక్కించి ఇన్సులిన్ ఇంజెక్షన్లు మాన్పించారు. కానీ రోగనిరోధక శక్తిని అణచే మందులు మాత్రం తప్పలేదు. ఐలెట్లను పాలిమర్ తొడుగులో దాచి, ఆ మందుల అవసరం లేకుండా చేయాలన్నదే ఉద్దేశం. ఈ ఆలోచన ఎడ్మంటన్ కంటే చాలా పాతది. 1964 నాటికే శాస్త్రవేత్త థామస్ చాంగ్ కణాలను పలుచటి పొరలో బంధించవచ్చని రాశాడు.

లెక్క పైకి తేలికే. అణువుల బరువును డాల్టన్లలో కొలిస్తే గ్లూకోజు 180, ఇన్సులిన్ 5,800, ఐలెట్లపై దాడిచేసే యాంటీబాడీ సుమారు 1,50,000. మొదటి రెండూ దూరి, మూడోది ఆగిపోయే రంధ్రాలుంటే చాలనుకున్నారు.

1980లో పరిశోధకులు లిమ్, సన్ చేసింది అదే. ఐలెట్లు కలిపిన జిగురులాంటి సోడియం ఆల్జినేట్‌ను బొట్లుగా కాల్షియం క్లోరైడ్‌లో వదిలితే పూసలుగా గడ్డకడతాయి. వాటిపై పాలీ-ఎల్-లైసిన్ అనే పాలిమర్ పూత జల్లెడగా పనిచేస్తుంది. మధుమేహపు ఎలుకల్లో చక్కెర దాదాపు మూడు వారాలు అదుపులో ఉంది.

తర్వాత లోపాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. లైసిన్ పూతకున్న ధనావేశం, పరాయివాటిని మింగే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లను రప్పిస్తుంది. నాచు నుంచి తీసిన ఆల్జినేట్‌ను బాగా శుద్ధి చేయకపోతే అందులోని ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం) వాపు తెస్తుంది. ఒంట్లో కాల్షియం స్థానంలోకి సోడియం చేరి పూస ఉబ్బి పగులుతుంది. బేరియం వాడితే కొంత గట్టిగా నిలుస్తుంది. పైగా ఐలెట్లను దెబ్బతీసే రోగనిరోధక ప్రోటీన్, 17,000 డాల్టన్ల ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఇన్సులిన్‌కు మూడింతలే. ఇన్సులిన్‌ను వదిలి దాన్ని మాత్రం ఆపడం కష్టం.

అసలు చిక్కు ఆక్సిజన్. రక్తనాళం నుంచి అది 100-200 మైక్రాన్ల దూరమే చేరుతుంది. పూస చుట్టూ కొల్లాజెన్ (మచ్చల్లో ఉండే పీచు ప్రోటీన్) పేరుకుంటే అదీ అందదు. 1.5 మిల్లీమీటర్ల పెద్ద పూసల మీద ఈ పేరుకోవడం తక్కువని 2015లో జంతువుల్లో తేలింది. అయితే పరిమాణం చూడండి. 70 కిలోల మనిషికి ఏడు లక్షల ఐలెట్లనుకుందాం. 150 మైక్రాన్ల ఐలెట్లు ఏ తొడుగూ లేకుంటే 1.2 మిల్లీలీటర్లు. ఒక్కోదాన్ని 600 మైక్రాన్ల పూసలో పెడితే 80 మిల్లీలీటర్లు, 1.5 మిల్లీమీటర్ల పూసలోనైతే 1.2 లీటర్లు! పోనీ ఒక్కో పూసలో ఎక్కువ ఐలెట్లు కుక్కితే మధ్యలో ఉన్నవాటికి ఊపిరాడదు.

వయాసైట్ సంస్థ 2014లో మూలకణాల నుంచి పెంచిన కణాలను చదునైన సంచీలో పెట్టి చర్మం కింద అమర్చింది. చుట్టూ మచ్చకణజాలం పేరుకుని చాలా కణాలు చనిపోయాయి. తర్వాతి నమూనాలో రక్తనాళాలు లోపలికి పెరిగేలా పొరకు రంధ్రాలు పెట్టారు. ఆ రంధ్రాల్లోంచి రోగనిరోధక కణాలూ దూరగలవు కాబట్టి అణచివేత మందులు మళ్లీ వచ్చాయి. పూర్తిగా మూసిన పరికరంతో వర్టెక్స్ చేసిన ప్రయోగం కూడా సీ-పెప్టైడ్ (ఇన్సులిన్ తయారైనప్పుడు దానితో పాటే వెలువడేది) చాలినంత రాక 2025లో ఆగింది.