12 అంగుళాల స్కేలు, సైకిల్ చైను

కొత్త చైను వేయించిన రోజు సాయంత్రమే ఫ్లైఓవర్ ఎక్కుతూ సీటు మీంచి లేచి తొక్కాను. టక్కుమని చప్పుడైంది, పెడల్ ఒక్కసారిగా కిందికి జారింది, మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. చూస్తే చైను తెగలేదు, ఊడలేదు. వెనక చక్రానికుండే పళ్ల చక్రం, అంటే ఫ్రీవీల్ మీద ఒక పన్ను దాటి దూకిందంతే. పాత చైను ఎంత వదులుగా ఉన్నా ఏనాడూ ఇలా చేయలేదు. కొత్తది నాసిరకమని అనుకున్నాను. తప్పు దానిది కాదని తర్వాత తెలిసింది.

"చైను సాగింది" అంటుంటాం. నిజానికి మన కాళ్ల బలానికి ఆ ఉక్కు పట్టీలు సాగవు. లోపల కీళ్లు అరుగుతాయి. ఒక్కో కీలులో ఒక పిన్ను, దాని చుట్టూ బుష్ అనే చిన్న గొట్టం, బుష్ మీద తిరిగే రోలర్ ఉంటాయి. చైను పళ్ల మీదికి ఎక్కేటప్పుడు కీలు వంగుతుంది, దిగేటప్పుడు తిన్నగా అవుతుంది. పిన్ను, బుష్ రాసుకునేది ఆ క్షణంలోనే.

అలా ఎన్నిసార్లో లెక్క వేశాను. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు, 112 లింకుల చైను ఉన్న మామూలు 28 అంగుళాల సైకిల్ తీసుకుందాం. చైను ఒక చుట్టు తిరిగేసరికి సైకిల్ 13 మీటర్ల పైచిలుకు వెళ్తుంది. ఆ చుట్టులో ప్రతి కీలు నాలుగుసార్లు కదులుతుంది. అంటే కిలోమీటరుకు దాదాపు 290 సార్లు. రోజుకు 10 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తొక్కితే ఎనిమిది లక్షల పైనే! అందులో సగం మన బరువంతా లాగుతున్నప్పుడు జరిగేవి. వెనక పళ్ల చక్రం చిన్నది కాబట్టి అక్కడ కీలు 20 డిగ్రీలు వంగాలి, ముందు ఎనిమిది చాలు.

ఇంత పని చేసి కూడా చైను ఏళ్ల తరబడి నిలవడానికి బుష్ ముఖ్య కారణం. అంతకుముందు చైన్లలో పిన్ను మీద పడే ఒత్తిడంతా సన్నని పట్టీల అంచుల మీదే ఉండేది, త్వరగా అరిగిపోయేవి. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్, రోలర్ ఉన్న చైనుకు పేటెంట్ తీసుకున్నాడు. ఒత్తిడి బుష్ పొడవునా పరుచుకుంది. ఈ రోజు మన మామూలు సైకిల్‌కు తిరిగేది మూలంగా అదే నిర్మాణం.

అరుగుదల కంటికి కనిపించదు. పిల్లల పెన్సిల్ బాక్సులో పట్టనంత పొడవుండే 12 అంగుళాల స్కేలు చాలు, బయటపెడుతుంది. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. పై వరస బిగుసుకునేలా పెడల్ కొంచెం నొక్కిపట్టి, ఒక పిన్ను మధ్యన స్కేలు సున్నా పెట్టండి. 24 లింకుల అవతలి పిన్ను 12 దగ్గరే ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటితే పళ్లు కూడా పాడై ఉంటాయి. పదహారో వంతును 24 కీళ్లకు పంచితే ఒక్కోదానికి వచ్చేది తల వెంట్రుక మందమే.

నా ఫ్లైఓవర్ కథకు కారణం ఇదే. అరిగిన చైను పళ్ల మొదట్లో కూర్చోక పైకి జరుగుతూ, వాటిని కొక్కేల్లా అరగదీస్తుంది. రెండూ కలిసి అరిగాయి కాబట్టి ఒకదానికొకటి సర్దుకుపోయాయి. సరైన కొలత ఉన్న కొత్త చైను ఆ పళ్లలో ఇమడక, బలం పడగానే దూకింది. ఫ్రీవీల్ మార్చాక ఆ బాధ పోయింది.

ఇక మార్చడం. వెనక ఇరుసు నట్లు వదులు చేసి చక్రం ముందుకు జరిపితే చైను వదులవుతుంది. చైను రెండు కొసలనూ కలిపే లాకు లింకు వెతికి, స్క్రూడ్రైవర్‌తో లాకు తీయండి. చైన్ కవర్ ఉంటే పాత చైను కొసకు కొత్తదాన్ని తగిలించి లాగితే, కవర్ విప్పకుండానే కొత్తది లోపలికి వెళ్తుంది. అంతకుముందే లింకులు లెక్కపెట్టాలి. పొడవు పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం. 112 లింకుల చైను ఒక్క శాతం పెరిగితే 14 మిల్లీమీటర్లు, ఒక లింకు కంటే ఎక్కువ!

లాకు చేపలా ఉంటుంది. దాని తల చైను పరుగెత్తే వైపు, అంటే పై వరసలో పెడల్ వైపు ఉండాలి. చీలిన తోక ముందుంటే దేనికైనా తగిలి ఊడిపోవచ్చు. గేర్ల సైకిళ్లకు గేర్ల సంఖ్యను బట్టి చైను వెడల్పు మారుతుంది, అడిగి కొనండి.

చైను బిగింపు దగ్గరే చాలామంది తొందరపడతారు. చక్రం వెనక్కి లాగి, ఫ్రేమ్ మధ్యకు తెచ్చి బిగించాక చైను నడుమ వేలితో కదిపితే మొత్తం అర అంగుళం ఆడాలి. పెడల్ దగ్గరి పళ్ల చక్రం పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టి, పెడల్ నెమ్మదిగా తిప్పుతూ బాగా బిగిసే చోట చూసుకోవాలి. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి.

కొత్త చైనును కిరోసిన్‌లో కడగొద్దు, దాని గ్రీజు కీళ్ల లోపలిదాకా ఉంటుంది. తర్వాత్తర్వాత నూనె కావాల్సి వచ్చినప్పుడు బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ మాత్రం దయచేసి పోయకండి, అందులో లోహపు పొడి ఉంటుంది. కుట్టుమిషన్ నూనె రోలర్‌కు ఒక చుక్క వేసి, పెడల్ కాసేపు తిప్పి, బయటి జిడ్డు గుడ్డతో శుభ్రంగా తుడిచేయండి.