చెమ్మ గోడల వెనక గ్లాస్గో కథ

ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 2020లో రెండేళ్ల పిల్లాడు చనిపోయాడు. ఇంట్లో పట్టిన బూజే కారణమని విచారణలో తేలింది. ఆ తర్వాత చేసిన చట్టం కింద 2025 అక్టోబరు నుంచి అక్కడి సామాజిక అద్దె ఇళ్ల (తక్కువ అద్దెకిచ్చే ఇళ్ల) సంస్థలు చెమ్మ, బూజు ఫిర్యాదులను గడువులోగా పరిశీలించి బాగు చేయాలి. ఇంటి గోడకీ ఊపిరితిత్తులకీ సంబంధం ఉందని బ్రిటన్‌కి కొత్తగా తెలిసిందా? కానే కాదు. ఒకప్పుడు ఆ రెంటినీ చూసే పని నగర కార్పొరేషన్‌దే. ఆ పని ఎలా చీలిపోయిందో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో స్పష్టంగా కనిపిస్తుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఫ్యాక్టరీలకీ ఓడల పనికీ వచ్చిన జనంతో గ్లాస్గో కిక్కిరిసిపోయింది. 1859లో లాక్ కాట్రిన్ సరస్సు నుంచి మంచినీళ్లు తెచ్చారు. 1863లో నగరానికి మొదటి హెల్త్ ఆఫీసర్‌గా విలియం గైర్డ్‌నర్ వచ్చారు. ఇళ్ల మీద మాత్రం కార్పొరేషన్ మొదట చేసింది ఇళ్లు కట్టడం కాదు, కొలవడం. 1862 చట్టంతో చిన్న ఇళ్ల లోపలి గాలిని లెక్కగట్టి, మనిషికి 300 ఘనపుటడుగుల చొప్పున ఎంతమంది ఉండవచ్చో రేకు మీద రాసి తలుపు దగ్గర కొట్టారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్లు అర్ధరాత్రి తలుపు తట్టి తలలు లెక్కపెట్టేవారు. దొరక్కుండా మనుషులు అల్మరాల్లో, ఇంటి కప్పుల మీద దాక్కునేవారు. ఇంకో ఇల్లు దొరికే వీలు లేని వాళ్లకి జరిమానా వేసి ఏం లాభం? ఈ పద్ధతిలోని క్రూరత్వం అదే. 1880ల నాటికి కూడా నగర జనంలో దాదాపు నాలుగో వంతు ఒక్క గది ఇళ్లలోనే బతికేవారు.

1919 చట్టంతో ప్రభుత్వ సాయం అంది, కార్పొరేషన్ పెద్ద ఎత్తున ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. మాస్‌పార్క్ లాంటి కాలనీలు చక్కగా వచ్చాయి గానీ, వాటి అద్దె కట్టగలిగింది కాస్త ఉన్నవాళ్లే. 1951 నాటికీ నగరంలోని ఇళ్లలో సుమారు సగం ఒకటి రెండు గదులవే. మెట్ల మలుపులో ఒక్క మరుగుదొడ్డిని నాలుగైదు కుటుంబాలు వాడుకునేవి.

అలాంటి ఇళ్లలో క్షయ తగ్గలేదు. యుద్ధకాలంలో ఇంకా పెరిగింది. 1957 మార్చి 11న కార్పొరేషన్ భారీ ఎక్స్‌రే కార్యక్రమం మొదలుపెట్టింది. వీధుల్లోకి వ్యాన్లు వచ్చాయి, వాలంటీర్లు ఇంటింటికీ తిరిగారు, ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లకి బ్యాడ్జీలు, బహుమతుల డ్రాలు పెట్టారు. అనుకున్నది రెండున్నర లక్షల మంది. ఐదు వారాల్లో వచ్చింది ఏడు లక్షలకు పైగా. మందు అవసరమైన క్షయ కేసులు రెండు వేలకు పైగా బయటపడ్డాయి. ఒక నగరం తన జనం ఆరోగ్యాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకోవడం నాకు ఇప్పటికీ గొప్ప సంగతిగానే అనిపిస్తుంది.

అయితే అప్పటికే చీలిక మొదలైంది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ వచ్చాక రూకిల్ లాంటి కార్పొరేషన్ ఆసుపత్రులు దాని కిందికి వెళ్లాయి. రోగ నివారణ మాత్రం హెల్త్ ఆఫీసర్ దగ్గరే మిగిలింది. 1974లో ఆ పదవీ పోయింది.

ఇటు ఇళ్ల విభాగానికి సంఖ్యే లక్ష్యమైంది. ఎక్కడ కట్టాలన్న దాని మీద పెద్ద గొడవ. జనాన్ని నగరంలోనే ఉంచి పాతదంతా కూల్చి కట్టాలని 1945లో నగర ఇంజనీర్ రాబర్ట్ బ్రూస్ అన్నారు. కొత్త పట్టణాలకు పంపాలని గ్లాస్గో చుట్టూ ఉన్న క్లైడ్ నది లోయకి 1946లో వేసిన ప్రణాళిక అంది. కొంత అదీ కొంత ఇదీ జరిగింది. డ్రమ్‌చాపెల్, ఈస్టర్‌హౌస్, కాసిల్‌మిల్క్ కాలనీలు ఊరి అంచున లేచాయి. లోపలే బాత్రూమ్ ఉండటం ఆ కుటుంబాలకి నిజమైన సుఖం. కానీ దుకాణాలు ఆలస్యంగా వచ్చాయి, పని దూరమైంది.

నగరంలోని గోర్బల్స్ ప్రాంతంలో పాత ఇళ్లను కూల్చిన చోట ముందే పోత పోసిన కాంక్రీటు పలకలతో హచసన్‌టౌన్ ఇ అనే సముదాయం కట్టారు. 1970ల మొదట్లో జనం చేరారు. కొద్ది కాలానికే గోడలు చెమ్మెక్కి, బట్టలకీ పరుపులకీ బూజు పట్టింది. కార్పొరేషన్ అద్దెదారుల అలవాట్లను తప్పుపట్టింది: గాలి ఆడనివ్వరు, హీటర్ వేయరు అని. హీటర్ వేస్తే వచ్చే కరెంటు బిల్లు వాళ్లకి మోయలేనిది. 1975లో అద్దెదారులు చెమ్మ వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టి, అద్దె ఆపి, తప్పు కట్టడంలో ఉందని పోరాడారు. 1987లో ఆ భవనాలు కూల్చేశారు. పాతికేళ్లయినా నిలవలేదు.

2003లో గ్లాస్గో తన ఇళ్లన్నీ, సుమారు 80 వేలు, లాభాపేక్ష లేకుండా ఇళ్లు అద్దెకిచ్చే ఒక గృహసంఘానికి అప్పగించింది. ఇప్పుడు గోడ మీద బూజు గురించి గృహసంఘానికి చెప్పాలి, పిల్లాడి దగ్గు గురించి ఆరోగ్య సేవ డాక్టరుకి చెప్పాలి, ఇల్లు నివాసయోగ్యమా కాదా అన్నది నగర కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య అధికారిని అడగాలి.