కొలెస్ట్రాల్ మాత్ర, మతిమరుపు: భయం వెనుక ఉన్న హైదరాబాద్ ప్రయోగం

కర్నూలు, కడప మెడికల్ షాపుల్లో కొలెస్ట్రాల్ మాత్రతో మతిమరుపు వస్తుందా అన్న ప్రశ్న మళ్ళీ మొదలైంది. కొలెస్ట్రాల్ మాత్ర మెదడులోని కొవ్వును కరిగించేస్తుందనీ, అందుకే మతిమరుపు, దిగులు వస్తున్నాయనీ చెప్పే వీడియో ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. ఆదోనిలో ఉండే మా మేనమామ గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి. మూడు వారాలుగా తన కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ పక్కన పెట్టేశాడు. ఎందుకని అడిగితే, "ఏమప్పా, మన హైదరాబాదోళ్ళే కనుక్కున్నారంట కదా" అన్నాడు.

ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో తెలియకపోతే మిగతా సగాన్ని పట్టుకోలేం.

స్టాటిన్లు అనే ఈ రకం కొలెస్ట్రాల్ మాత్రలు ఎలా పుట్టాయో, గుండెపోటును ఎలా తగ్గిస్తాయో ఇప్పటికే చాలాసార్లు చదివి ఉంటారు. 2012 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మాత్రల లేబుల్ మీద ఒక వాక్యం చేర్పించింది. కొందరు మతిమరుపు, తికమక ఉన్నట్టు చెప్పారనీ, అవి సాధారణంగా తీవ్రమైనవి కావనీ, మాత్ర ఆపితే తగ్గాయనీ దాని సారాంశం. భయానికి అధికారిక ముద్ర పడింది అక్కడే. కానీ అసలు మలుపు అంతకు ముందే, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో జరిగింది.

అక్కడ అమితాభ ఛటోపాధ్యాయ బృందం ఏళ్ళ తరబడి సెరటోనిన్ 1ఏ రిసెప్టర్ మీద పనిచేసింది. సెరటోనిన్ అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం. కణం పైపొరలో కూర్చుని ఆ కబురును లోపలికి అందించే ప్రోటీన్ ఈ రిసెప్టర్. మనసు స్థిమితంతో, ఆందోళనతో దీనికి సంబంధం ఉంది. ఆందోళనకు ఇచ్చే బుస్పిరోన్ అనే మందు పనిచేసేది దీని మీదే. ఈ ప్రోటీన్ చుట్టూ ఉండే కొవ్వు దాని పనిని మారుస్తుందా అన్నది వాళ్ళ ప్రశ్న.

2004లో వెలువడిన ప్రయోగం ఇదీ. పశువు మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం నుంచి కణాల పైపొరలను వేరు చేశారు. సైక్లోడెక్స్ట్రిన్ అనే పదార్థంతో వాటిలోని కొలెస్ట్రాల్‌ను లాగేశారు. తనకు అతుక్కునే మందును రిసెప్టర్ పట్టుకునే శక్తి పడిపోయింది. కొలెస్ట్రాల్ తిరిగి కలిపితే ఆ శక్తి చాలావరకు తిరిగొచ్చింది.

పొర బిగువు మారినందుకే ఇలా అయిందని అప్పుడు ఎవరైనా అనుకుంటారు. 2007లో దాన్నీ పరీక్షించారు. ఈసారి కొలెస్ట్రాల్‌కు బదులు 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ కలిపారు. రెండింటికీ తేడా ఒకే ఒక్క డబుల్ బాండ్. పొర బిగువు తిరిగొచ్చింది, రిసెప్టర్ మాత్రం కోలుకోలేదు. కడప బండ పరిచేటప్పుడు ఊగకుండా కింద చిన్న రాతిముక్క పెడతారు చూడండి, అలాంటిదే ఇది. అదే సైజు ముక్క, ఒక్క మూల తేడా, బండ ఊగుతూనే ఉంటుంది.

నా దృష్టిలో మొత్తం వివాదానికి కీలకం ఈ ఫలితమే. స్మిత్-లెమ్లి-ఓపిట్జ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులో, 7-డీహైడ్రోకొలెస్ట్రాల్‌ను కొలెస్ట్రాల్‌గా మార్చే ఎంజైము సరిగా పనిచేయదు. ఆ పిల్లల్లో చాలామందికి తల చిన్నదిగా ఉంటుంది, బుద్ధి ఎదుగుదల కుంటుపడుతుంది. మెదడుకు కొలెస్ట్రాల్ ఎంత అవసరమో ఇంతకంటే బాధాకరమైన రుజువు ఉండదు. 2021లో ఈ రిసెప్టర్ నిర్మాణాన్ని క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసినప్పుడు, దాన్ని అంటిపెట్టుకున్న కొవ్వు అణువులు, కొలెస్ట్రాల్‌తో సహా, కంటికి కనిపించాయి.

వీడియో వాళ్ళ చేతిలో ఉన్న బలమైన ఆధారం 2010 నాటిది. అదే ల్యాబ్‌లో మెవాస్టాటిన్ అనే స్టాటిన్‌తో కణాల కొలెస్ట్రాల్ తగ్గిస్తే ఈ రిసెప్టర్ పని దెబ్బతింది. స్టాటిన్ పేరు అందులో ఉంది కాబట్టి దాన్ని కొట్టిపారేయలేం. అయితే అవి మనిషి మెదడు కణాలు కావు, గిన్నెలో పెంచిన హ్యామ్‌స్టర్ కణాలు. మందు వాటికి నేరుగా తగిలింది.

మనిషిలో మధ్యన ఒక గోడ ఉంది. మెదడు బరువు శరీరంలో 2 శాతమే అయినా, ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో సుమారు నాలుగో వంతు అక్కడే ఉంటుంది. దాన్ని మెదడు తనే తయారు చేసుకుంటుంది. రక్తంలోని ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, మెదడు రక్తనాళాల గోడను దాటి లోపలికి పోదు. అందువల్ల రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ 160 నుంచి 70కి దిగిందంటే మెదడులోనూ అంతే దిగిందని కాదు. సిమ్వాస్టాటిన్ లాంటి కొవ్వులో కరిగే స్టాటిన్లు కొంత లోపలికి వెళ్ళగలవు, ప్రవాస్టాటిన్ లాంటివి అంతగా వెళ్ళలేవు. మతిమరుపు సంగతి అడిగే రోగికి ఈ తేడా చెప్పాలి.

మనుషుల్లో చూసిన లెక్కలూ ఉన్నాయి. 2002లో వెలువడిన రెండు పెద్ద స్టాటిన్ పరీక్షల్లో, ఒకదానిలో 20,536 మంది, మరోదానిలో 70 నుంచి 82 ఏళ్ళ మధ్య వయసున్న 5,804 మంది పాల్గొన్నారు. జ్ఞాపకశక్తి, ఆలోచనల్లో మాత్ర వాడినవాళ్ళకూ ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళకూ తేడా కనబడలేదు. 2017లో 1,204 మందిని పరీక్షించారు. స్టాటిన్ వాడుతూనే, ఎల్‌డీఎల్‌ను ఇంకా కిందికి దించే ఇవోలోకుమాబ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళ బుద్ధి పరీక్షలు, తీసుకోనివాళ్ళకంటే దిగజారలేదు.

ఇంత సమాచారం ఉన్నా మన ఊళ్ళలో రోగికి దొరికే జవాబు "వాట్సాప్ చూడకండి" అనే గద్దింపు. మామకూ అదే దొరికింది. ఆయన అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వెతికిన ప్రశ్నే. గద్దింపుతో ఆయన టెన్షన్ పెరిగింది, మాత్ర ఆగింది. స్టెంట్ ఉన్న మనిషికి ఆ ఆగడమే ప్రమాదం.

మొన్న ఆదివారం కర్నూలులో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పది నిమిషాలు ఓపిగ్గా విని, మాత్ర మళ్ళీ మొదలుపెట్టించింది. మతిమరుపు ఎప్పటినుంచో అడిగి థైరాయిడ్, బీ12 పరీక్షలు రాసింది. అవసరమైతే స్టాటిన్ రకం మారుద్దామని చెప్పింది. రిపోర్టులు ఇంకా రాలేదు. మామ రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటున్నాడు.